ఎర్ర నూలుతో కట్టిన మల్లెలు

మా అమ్మకు పూలు కోయడం చేతకానివాళ్ళంటే చులకన. వంట రాకపోతే నేర్పేది, కుట్టు రాకపోతే పోనీలే అనేది, మల్లెమొగ్గను తొడిమ లేకుండా గిల్లిన పిల్లను మాత్రం ఏడాదైనా మర్చిపోయేది కాదు. అలాంటి పిల్లల్లో మొదటిదాన్ని నేనే.

మాది ఎమ్మిగనూరులో మగ్గం ఇల్లు. ముందు గదిలో నేసేటప్పుడు కాళ్ళు దించుకునే మగ్గం గుంత, దాని వెనక వంటిల్లు, వంటిల్లు దాటితే పెరడు. పెరడంటే మరీ పెద్దగా ఊహించుకోవద్దు, నాలుగు మంచాలు వాలిస్తే నిండిపోయే జాగా. అందులో సగం నాయనది, సగం అమ్మది. నాయన నేయడమే కాక నూలుకు రంగు కూడా వేసేవాడు. మా వీధిలో ఐదారు మగ్గాలవాళ్ళు తమ నూలు తెచ్చి మా ఇంట్లోనే రంగు వేయించుకొని పోయేవాళ్ళు. ఆయన సగంలో రెండు రంగుతొట్లు, ఒక పొయ్యి, చిలపలుగా చుట్టిన నూలు ఆరేసే దండెం. అమ్మ సగంలో మూడు మల్లె పొదలు, గోడ మీదికి పాకించిన కాకడ తీగ, రెండు వరుసల కనకాంబరాలు, పగిలిన కాగులో మరువం. చలికాలమైతే నాలుగు చామంతి మొదళ్ళు కూడా. రెండు సగాలకూ నడుమ వరుసగా పేర్చిన రాళ్ళు. ఆ రాళ్ళు దాటి ఒక్క చుక్క రంగునీళ్ళు ఇవతలికి వచ్చినా అమ్మ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

"నీ తొట్టి నీళ్ళు నా సెట్ల మొదట్లోకి వచ్చినాయంటే, నీ మగ్గం గుంతలో బంతి నారు తెచ్చి పెడతా చూడు" అనేది.

"పెట్టు, పెట్టు. కాళ్ళకు సల్లగుంటాది" అనేవాడు నాయన.

ఆయనకు కోపం రాదు. ఇంటికి సరిపడా కోపం అమ్మ దగ్గరే ఉండేది. నాకు ఆమె పోలికే వచ్చిందని చూసినవాళ్ళంతా అంటారు, కాదనడానికి నా దగ్గర ఆధారాలేమీ లేవు.

పూలు కోయడానికి అమ్మకు వేళలుండేవి. కనకాంబరాలు పొద్దున, ఎండ గోడ దిగకముందే. మల్లెలు మధ్యాహ్నం నాలుగు దాటాక. మొగ్గ కడుపు నిండి ఉండాలి, మూతి మాత్రం మూసుకొని ఉండాలి. గోరు తగలకుండా రెండు వేళ్ళ నడుమ తొడిమను పట్టి పక్కకు వంచితే టిక్కుమని చేతిలోకి వచ్చేది. పైకి లాగితే కొమ్మ నొచ్చుకుంటుందనేది. ఇంకా పచ్చిగా ఉన్న మొగ్గ కనబడితే ఆగి, "నీ పని రేపు" అని దానికే చెప్పి ముందుకు జరిగేది. కోసినవాటిని కొంగులో వేసుకునేది కాదు, ఒంటి వేడి తగులుతుందట. తడిపిన గోనెముక్క పరిచిన చేట ఒకటి ఉండేది. దాన్ని పట్టుకొని నేను ఆమె వెనకే నడవాలి, మాట్లాడకూడదు. నేను మాట్లాడితే ఆమెకు మొగ్గలు కనబడవట. చెవులకూ కళ్ళకూ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు.

కట్టడం ఇంకో తంతు. వంటింటి గడప మీద కూర్చొని, కాళ్ళు బారజాపి, దారం కొసను కాలి బొటనవేలికి తగిలించుకునేది. రెండు మొగ్గలు అటు తల, రెండు మొగ్గలు ఇటు తల, పైన ఒక చుట్టు, కింద ఒక ముడి. ఆరు జతలు అయ్యాక ఒక గుత్తి కనకాంబరాలు, వాటిని ఆనుకొని ఒక మరువం రెమ్మ. మరువాన్ని చేత్తో తుంచితే నలిగిపోతుందని, నాయన పడుగు కోసే కత్తి ఎత్తుకొచ్చి కోసేది. ఆ కత్తి కోసం ఆయన మగ్గం గుంతలోంచి పిలుస్తూనే ఉండేవాడు, ఆమె వినబడనట్టు కడుతూనే ఉండేది.

చామంతులను మాత్రం కట్టేది కాదు. కాడతో సహా పొడుగ్గా కోసి, సిరాబుడ్డిలో నీళ్ళు పోసి, ఎత్తూ పల్లంగా నిలబెట్టి మగ్గం మీద పెట్టేది, నేస్తున్నంతసేపూ ఆయన కళ్ళకు ఎదురుగా ఉండాలని. బుడ్డి ఒలికితే పడుగు పాడవుతుందని ఆయన దాన్ని కిటికీలోకి జరిపేవాడు. ఆయన భోజనానికి లేవగానే అమ్మ మళ్ళీ యథాస్థానంలో పెట్టేది. కార్తీకం నుంచి పుష్యం దాకా ఆ బుడ్డి అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది.

ఊళ్ళో మిగతావాళ్ళు పూలను అరటినారతో కడతారు. మగ్గాల ఇళ్ళలో నూలుతోనే కట్టుకుంటారు. ఒక పడుగు నేసి దించాక చివర జానెడు జానెడు పోగులు మిగిలిపోతాయి, అవి నేతకు పనికిరావు. నాయన వాటిని ఒకదాని కొసకు ఒకటి ముడేసి, అట్టముక్కకు చుట్టి అమ్మకిచ్చేవాడు. నేతవాళ్ళు వేసే ఆ ముడి వేలితో తడిమినా తెలియదు. పూల పని మొత్తంలో ఆయన వంతు అంతే. తెల్ల పోగులే ఇచ్చేవాడు, అమ్మ కూడా తెల్లవే అడిగేది.

నాకు పదకొండేళ్ళున్నప్పుడు, అంటే డెబ్భైలు అయిపోవస్తున్న రోజుల్లో, ఆదోనిలో మా మామ కూతురికి పెళ్ళి కుదిరింది. వైశాఖంలో ముహూర్తం. మామ అంటే అమ్మకు సొంత అన్న. ఆ ఇంట్లోనూ ఒకప్పుడు మగ్గాలే ఆడేవి. తాత పోయాక మామ గుంతలు పూడ్పించి, పైన నాపరాళ్ళు పరిపించి, పత్తి మండీలో గుమాస్తాగా చేరాడు. అప్పటి నుంచీ అత్తకు మగ్గం అనే మాట గిట్టదు. ఒకసారి నాయన నేసిన టవలును అమ్మ ఎంతో ఇష్టంగా తీసుకుపోయి ఆమె చేతికిచ్చింది. మర్నాడు పొద్దునకు అది పొయ్యి మీది గిన్నె దించే మసిగుడ్డ అయింది. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. మా అమ్మ ఏమీ అనలేదంటే అది మామూలు సంగతి కాదు.

పెళ్ళి కబురు చెప్పడానికి మామా అత్తా మా ఇంటికి వచ్చారు. కాఫీలు అయ్యాక అమ్మ ఉన్నట్టుండి అంది:

"పిల్ల జడకు పూలు కొనొద్దన్నా. నా పెరట్లో పూలే. పెళ్ళికూతుర్ని సేసే దినానికి నేనే కట్టి తెస్తా."

అత్త కూర్చున్న చోటు నుంచే పెరట్లోకి తొంగి చూసింది. "ఈ ఎండల్లో ఈ నాలుగు సెట్లకు యెన్ని పూస్తాయిలేమ్మా. బళ్ళారి నుంచి రైల్లో గంపలకు గంపలు దిగుతాండాయి" అంది.

"పూస్తాయి వదినా."

"తేనీలే" అన్నాడు మామ అత్తతో. "సాలకపోతే ఆడ సూసుకుందాం."

పెళ్ళికూతురి పూలజడ అంటే ఆడవాళ్ళంతా చుట్టూ చేరి చూసేది, వెనక్కి తిప్పి మరీ చూసేది. తన పుట్టింట్లో తను తెచ్చినది ఒక్కటైనా మసిగుడ్డ కాకుండా నలుగురి కంటా పడాలని అమ్మ కోరిక. ఆ మాట ఆమె నాకు చెప్పలేదు. మర్నాటి నుంచి ఆ మూడు మల్లె పొదల చుట్టూ ఆమె తిరిగిన తీరు చూస్తే ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఎండలు ఆ ఏడు మరీ ముదిరాయి. వీధి చివరి బావి అడుగంటింది. వీధి కొళాయి రెండు రోజులకొకసారి వచ్చేది, వచ్చినప్పుడు మా వంతు ఎనిమిది బిందెలు. నాలుగు తాగడానికీ వంటకూ, నాలుగు నాయన రంగు పనికి. చెట్లకు బియ్యం కడిగిన నీళ్ళూ స్నానాల నీళ్ళూ తప్ప గతిలేదు. గోధుమగింజంత మొగ్గలు అట్లాగే ఎండి రాలసాగాయి. అమ్మ మా స్నానాలన్నీ పెరట్లోకి మార్చింది. నాకు తలంటు పోస్తే మల్లె పొద మొదట్లో పీట వేసి పోసేది. చెట్టుకు ఒక చెంబు ఎక్కువ పడాలని వారానికి రెండుసార్లు తలంటింది. కుంకుడు రసంతో నా కళ్ళు మండుతుంటే ఆమె చూపు మాత్రం మొగ్గల మీదే.

రంగు వేసిన నూలును మూడు నీళ్ళలో జాడించాలి. మొదటి నీళ్ళు చిక్కగా వస్తాయి, రెండోవి పలచబడతాయి, మూడో నీళ్ళు తేటగా నిలిస్తే రంగు పట్టినట్టు లెక్క. ఒకరోజు ఇంకా తెల్లారకముందే నాకు మెలకువ వచ్చి పెరట్లోకి పోయాను. నాయన మూడో జాడింపుకు ఉంచుకున్న మంచినీళ్ళ బిందెను చంకనెత్తుకొని, రాళ్ళ వరుస దాటి, మల్లెల మొదట్లో మెల్లగా పోస్తున్నాడు. నన్ను చూసి వేలు పెదవి మీద పెట్టుకున్నాడు.

"మీయమ్మకు సెప్పొద్దు పాపా. సెప్తే పోయనీదు. పనికి పెట్టుకున్న నీళ్ళు నాకేంటికి అంటాది."

"మరి నూలుకు?"

"మంది నూలుకు మూడు నీళ్ళూ ఉండాయిలే. మన నూలుకు రెండు సాలు. పక్కా రంగు గదా, దిగదు."

నెల రోజులు ఆయన ఆ పని చేశాడు. పొదలు తేరుకున్నాయి, కొత్త చిగుర్లు వేశాయి, ఒక్కో గుత్తికి పది పదిహేను మొగ్గలు పట్టాయి. అమ్మ వీధంతా పిలిచి చూపించింది. "అంతా నా కూతురి తలంటు మహిమ" అని అందరికీ చెప్పింది. నాయన కండె చుట్టుకుంటూ తల ఊపాడు. నేను నోరు మూసుకొని కూర్చున్నాను, మహిమ నాదే అంటుంటే కాదనడం ఎందుకులే అని కూడా కొంత అనిపించింది.

పెళ్ళికూతుర్ని చేసే రోజు దగ్గరపడింది. ముందటి రెండు రోజులూ అమ్మ మొగ్గలు కోసింది. మొదటి రోజువి విచ్చుకోకుండా తడిగుడ్డలో చుట్టి కుండలో పెట్టి, కుండను తడి ఇసుకలో దించింది. రెండో రోజు సాయంత్రం గడప మీద కూర్చొని కట్టడం మొదలుపెట్టింది. జడకూ, జడ చుట్టూ వేలాడే వరుసలకూ కలిపి పదిహేను మూరలైనా కావాలి. నాలుగు మూరలయ్యేసరికి అట్టముక్క మీద తెల్ల పోగు అయిపోయింది. ఆ నెలంతా నాయన రంగు వేసి నేసినవి ఎర్రచీరలే, తెల్ల పోగులు మిగిలే వీలే లేదు.

"ఇంగ యెట్ల?" అంది అమ్మ. ఆమె గొంతులో భయం విన్నది నేను అదే మొదటిసారి.

నాయన అప్పుడే దించిన ఎర్రచీర పడుగు కొసలు గుప్పెడు పట్టుకొని వచ్చాడు.

"ఎర్రదా?"

"ఎరుపైతే ఏమి, పెండ్లికి మంచిదే గదా. పక్కా రంగు. ఇన్నేండ్లలో రంగు దిగిందని ఒకడన్నా మన గడప తొక్కినాడా, సెప్పు" అని ఆయన ఒక పోగును తన తెల్ల పంచె అంచుకేసి గట్టిగా రుద్ది చూపించాడు. ఏమీ అంటలేదు. పొడి పోగు ఏమంటుతుంది.

రెండు నీళ్ళ సంగతి నాకు తెలుసు. చెప్పాలన్న తెలివి అప్పుడు లేకపోయింది. ఆయనకు మాత్రం ఆ సంగతి గుర్తే రాలేదట. ఇన్నేళ్ళ మీద ఒక్కరూ తప్పు పట్టని పని, అనుమానం రావడానికి చోటెక్కడిది.

ముగ్గురం చీకటి పడేదాకా కూర్చున్నాం. నేను మొగ్గలను జతలు జతలుగా పేర్చి అందించాను. నాయన పోగులు ముడేసి ఇచ్చాడు. అమ్మ కట్టింది. తెల్లటి మొగ్గల నడుమ సన్నగా ఎర్రటి గీత పోతుంటే నిజంగానే చూడముచ్చటగా ఉంది. "బాగుండాదే" అని అమ్మ రెండుసార్లు అంది. నాయన మూడోసారి కూడా అంటుందేమోనని చూశాడు. వాళ్ళిద్దరూ ఒక్క జగడమూ లేకుండా ఒకే పని మీద అంతసేపు కూర్చోవడం నాకు తెలిసి అదొక్కసారే.

మర్నాడు పొద్దెక్కాక బస్సెక్కాం. బుట్ట అడుగున ఆముదపాకులు పరిచి, పూలను తడిపిన పాత పంచెలో చుట్టి, పైన మళ్ళీ ఆకులు కప్పింది అమ్మ. మా వీధి మగ్గాలవాళ్ళు కూడా నలుగురు పెళ్ళికి అదే బస్సులో వచ్చారు. వాళ్ళూ నాయనా వెనక నిలబడ్డారు. మేమిద్దరం ముందు వైపు రెండో సీట్లో, బుట్ట అమ్మ ఒడిలో. వేడిగాలికి కళ్ళు తెరవలేకపోయాం. పూలు వాడతాయేమోనని బస్సు ఆగినప్పుడల్లా అమ్మ చెంబులోంచి నీళ్ళు తీసి బుట్ట మీద చిలకరించింది.

సగం దారిలో నా పసుపు పావడ మీద ఎర్రటి చుక్క పడింది. ఇంకాసేపటికి ఇంకోటి. అమ్మ మా ముందు సీటు వైపు చూసింది. అక్కడ ఒక ముసలాయన కిటికీ దగ్గర కూర్చొని ఉన్నాడు.

"ఏం పెద్దాయనా, పిల్ల పావడ మీద తాంబూలం ఉమ్ముతాండావే, కండ్లు కనపడవా?"

ఆయన మెల్లగా వెనక్కి తిరిగాడు. "నేను ఆకువక్క మానుకొని పదేండ్లాయ తల్లీ. నమిలేదానికి పండ్లు యాడుండాయి?" అని నోరు తెరిచి చూపించాడు. నిజంగానే ఒక్కటీ లేదు. చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. అమ్మ మొహం తిప్పుకొని, ఇంకెవడో ఉమ్మి ఉంటాడని గొణిగి, బుట్ట మీద మళ్ళీ నీళ్ళు చల్లింది. బుట్టలోకి చూడాలని మా ఇద్దరికీ తోచలేదు.

ఆదోనిలో దిగి జట్కాలో మామ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం. ఇంటి ముందు పందిరి, పందిరి నిండా చుట్టాలు. లోపల నడింట్లో చాపల మీద ఆడవాళ్ళు, నడుమ పీట మీద పెళ్ళికూతురు, సవరం చేర్చి బిగించి అల్లిన జడతో పూల కోసం కాచుకొని ఉంది.

"ఏదీ, తెచ్చినావా?" అంది అత్త.

అమ్మ బుట్టను అందరి నడుమా దించింది. ఆకులు తీసింది. పంచె ముడి విప్పడానికి ముందు చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ క్షణంలో ఆమె మొహం ఎంత బాగుందో నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

పంచె లోపలి వైపంతా ఎర్రగా ఉంది. దారం పోయిన దారంతా మొగ్గల కాడలు గులాబీరంగుకు తిరిగాయి. నీళ్ళు నిలిచిన చోట మొగ్గకు మొగ్గే ఎర్రబడింది. మిగతావాటి మీద చారలు. తెల్ల పోగుతో కట్టిన నాలుగు మూరలు కూడా వాటి మధ్య చిక్కుకొని మరకలు పడ్డాయి. కనకాంబరాలూ మరువమూ మాత్రం ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతున్నాయి.

ఒక ముసలామె, "శుభమా అని పిల్లను పెండ్లికూతుర్ని సేస్తాంటే ఏందిది తల్లీ, నెత్తురు మరకల మాదిరి" అంది.

"మగ్గాలోళ్ళ ఇంట్లోంచి వస్తే పూలైనా రంగులో మునగాల్సిందేనా?" అంది అత్త. ఎవరో కిసుక్కున నవ్వారు. అత్త తన తమ్ముణ్ణి పిలిచి, సైకిల్ మీద పోయి బళ్ళారి మల్లెలు పట్టుకు రమ్మని పంపింది. నేను కూడా ఒక కూతురి పెళ్ళి చేశాను కాబట్టి ఆ పూట ఆమె కంగారు ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం ఆమె చెవి కొరకాలనిపించింది.

అమ్మ చేతిలో ఒక దండ పట్టుకొని అట్లాగే కూర్చుంది. ఎర్రబడిన మొగ్గను ఆమె బొటనవేలితో తుడవబోవడం చూసి నాకు ఏడుపొచ్చింది.

పందిట్లో మగవాళ్ళతో ఉన్న నాయనకు ఎవరు చెప్పారో, ఆయన నడింటి గుమ్మం దాకా వచ్చాడు. ఆడవాళ్ళున్న చోటికి మామూలుగా రాడు. బుట్టలోకి చూశాడు. ఆయన వెనకే మా వీధి మగ్గాలవాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఆమె తప్పేం లేదక్కా. పూలు మంచివే. నా రంగు దిగింది" అన్నాడు అత్తతో.

రంగు వేసి బతికేవాడు, తన దగ్గర నూలుకు రంగు వేయించుకునే మనుషులు వింటుండగా ఆ మాట అనడం ఎంత కష్టమో ఆ ఇంట్లో అమ్మకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. మా వీధాయన ఒకడు వెనక నుంచి, "మా నూలు సంగతి ఎట్లన్నా మరి?" అన్నాడు.

"మీ నూలుకు మూడు నీళ్ళు పడినాయప్పా. నా దానికే రెండు."

అమ్మ తలెత్తింది. "రెండేంది? మూడో నీళ్ళు యాడ పోసినావు?"

ఆయన కిందికి చూశాడు. ఇంక నేను ఆగలేకపోయాను.

"మల్లె సెట్లకు పోసినాడుమా. దినామూ తెల్లారి. నా తలంటు నీళ్ళకు కాదు పూసింది."

ఇప్పుడు ఇల్లెగిరిపోతుందనుకున్నాను. అమ్మ ఆయన వైపు చూసింది, చాలాసేపు చూసింది. ఆయన పందిట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మ దండలన్నిటినీ మళ్ళీ పంచెలో చుట్టి బుట్ట పక్కకు జరిపింది.

బళ్ళారి మల్లెలు వచ్చాయి. నార బిగించి ఒత్తుగా కట్టిన మంచి పూలు. జడ కుట్టడానికి ఇద్దరు కూర్చున్నారు కానీ వరుస కుదరక విప్పి కట్టి అవస్థపడుతుంటే, అమ్మ లేచి వెళ్ళి వాళ్ళ చేతిలోంచి సూది తీసుకుంది. గంటసేపు పిల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చొని కుట్టింది. వేరే చోటి పూలని ఒక్క కుట్టు కూడా వదులుగా వేయలేదు. పైన తన దండల్లోంచి విప్పిన కనకాంబరాలతో మూడు వరుసలు దిద్దింది. "వంగొద్దు తల్లీ, సూది తగులుతాది" అని మెల్లగా చెబుతూ కుట్టింది. జడ అయ్యాక అందరూ పిల్లను వెనక్కి తిప్పి చూశారు, బాగుందన్నారు. ఎవరి పూలని ఎవరూ అడగలేదు.

ఆ తరువాత అమ్మ బుట్ట ఎత్తుకొని పక్కగదిలోకి పోయింది. నేనూ వెనకే పోయాను. పంచె విప్పి, దండలన్నీ తిరగేసి, అన్నిటికన్నా ఎర్రగా తిరిగిన రెండు మూరలు ఏరి తీసింది. మామూలుగా ఆమె తలలో బెత్తెడు పూలకు మించి చూసిన గుర్తు లేదు నాకు. ఆ రెండు మూరలనూ మడత పెట్టి, ముడి చుట్టూ నిండుగా చుట్టుకొని, పిన్నులు గుచ్చుకొని, అద్దం కూడా చూసుకోకుండా నడింట్లోకి నడిచింది. నడింటి నుంచి పందిట్లోకి, పందిట్లోంచి వంటల దగ్గరికి, పని ఉన్నా లేకపోయినా అందరి మధ్యగా తిరిగింది.

నాకు ఆమెను చూస్తే గర్వంగా ఉంది. భయంగా కూడా ఉంది. అనుకున్నట్టే అత్త చూసింది. చేతిలో మిగిలిన బళ్ళారి మల్లెలతో పందిట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "తీసెయ్యమ్మా అవి, నలుగురూ సూస్తాండారు. ఇట్లా రా, మంచివి పెడతా" అంది. కోపంగా అనలేదు, ఇందాకటి తన మాటకు ఆమెకూ లోపల ఏదో గుచ్చుకున్నట్టే ఉంది.

"వద్దు వదినా" అంది అమ్మ. "వీటికి నీళ్ళు పోసింది మా ఆయన."

నాయన నాలుగడుగుల దూరంలో పందిరి గుంజ దగ్గర కూర్చొని విస్తళ్ళు తుడుస్తున్నాడు. ఆయన చెయ్యి ఆగింది, తల మాత్రం పైకి లేవలేదు. ఆ పూలు ఆ సాయంత్రమే వాడాయి. మర్నాడు ముహూర్తం వేళకు నల్లబడ్డాయి. మూడో రోజు మేము తిరిగి బస్సెక్కేదాకా అమ్మ వాటిని తలలోంచి తీయలేదు.